బాపు ఉత్తరాలు, అవ్వ బొమ్మ: రెండూ ఒకే కాన్వాస్ మీద ఎట్లా?

మూసాపేట డ్రాఫ్ట్స్‌మన్ (ఆదివారం రాత్రి)

ముందే చెప్తున్నా, నేను కాలేజీలో బొమ్మలు నేర్చుకున్నవాణ్ణి కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, అమీర్‌పేటలో ఒక ఇంజనీరు ఆఫీసులో ఏళ్ల తరబడి బిల్డింగ్ ప్లాన్లు గీస్తున్నాను. మొదట్లో ట్రేసింగ్ పేపరు, ఇంకు పెన్ను. ఇప్పుడు కంప్యూటర్. ఆదివారం వస్తే మాత్రం బాల్కనీలో బట్టల స్టాండు పక్కకు జరిపి అక్రిలిక్ రంగులు వేస్తుంటాను. ఆరేళ్లయింది ఈ పిచ్చి పట్టుకుని.

నా సమస్య ఇది. మాది కోరుట్ల దగ్గర ఒక పల్లె. అప్పట్లో కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జగిత్యాల. 1984లో, నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు, మా బాపు దుబాయి పోయాడు. నిజానికి పోయింది సౌదీ. కానీ మా ఊళ్లో సౌదీ, మస్కట్, కువైట్ అన్నీ దుబాయే. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అనే మాట మా వైపు ఊరికే పుట్టలేదు. మా తాత బొంబాయి, మేనమామ గోదావరిఖని, బాపు దుబాయి. ఒక్క ఇంట్లోనే మూడూ ఉన్నాయి.

బాపు పదమూడేళ్లు అక్కడే ఉండి, మధ్యలో నాలుగుసార్లు వచ్చిపోయాడు. ఆ పదమూడేళ్ల ఉత్తరాలు మా అవ్వ ఒక నీడో పాలపొడి డబ్బాలో దాచింది. (మా దగ్గర అవ్వ అంటే అమ్మ. నానమ్మ కాదు.) మొత్తం నలభై ఒకటి. బాపు పోయి చాలా ఏళ్లయింది. అవ్వ ఇప్పుడు నా దగ్గరే, మూసాపేట ఫ్లాట్‌లో ఉంటుంది. డబ్బా ఆమె మంచం కింద ఉంటుంది.

ఆ ఉత్తరాలతోనే ఒక బొమ్మ మొదలుపెట్టాను. మూడడుగులు, నాలుగడుగుల కాన్వాస్. మధ్యలో అవ్వ కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. మా వైపు ఆడవాళ్లంతా చేసే పనే. వెనక గోడంతా బాపు ఉత్తరాల్లోని వాక్యాలు. "నేను ఇక్కడ క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను" దగ్గర మొదలై పై నుంచి కింది దాకా రాసుకుంటూ పోయాను. ఇరవై రోజులు పట్టింది.

మొన్న నలుగురం కలిసి ఒక చిన్న ప్రదర్శనలో పెట్టాం. ఏం జరిగిందో చెప్తాను. వచ్చినవాళ్లంతా కాన్వాస్ దగ్గరకు పోయి తల వంచి చదవడం మొదలుపెట్టారు. చదివారు, ఫోన్‌లో ఫోటో తీసుకున్నారు, పోయారు. అవ్వను ఎవరూ చూడలేదు. ఒకాయన "ఈ ఫాంట్ ఏది సార్, బాగుంది" అన్నాడు. నా సొంత చేత్తో రాసింది! ఇంకొకరు ఉత్తరంలో తప్పులు పైకి చదివి నవ్వారు. "డ్రాప్టు పంపినాను అందినదా" అని ఉంటుంది, దాన్ని పట్టుకుని. ఆ బ్యాంకు డ్రాఫ్టు డబ్బుతోనే నేను ఐటీఐ చదివాను అని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

ఇంటికి వచ్చాక చూస్తే నాకూ అదే అనిపించింది. కన్ను ముందు అక్షరాల మీదికే పోతోంది. అవ్వ ఏదో పోస్టరు మీద అతికించిన బొమ్మలా ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. బాపుకు సంతకం తప్ప రాయడం రాదు. ఆ ఉత్తరాలు క్యాంపులో ఆయన గదిలో ఉన్న ఎవరో రాసిపెట్టినవి. అవ్వకు చదవడం రాదు. చదివింది నేను. అంటే పంపినాయన రాయలేదు, అందుకున్నామె చదవలేదు. మరి నేను గోడ మీద రాసింది ఎవరి చేతిరాత? ఆ పేరు తెలియని మనిషి రాతను అచ్చుదించాలా? నా రాతలో రాయాలా? నా చేతికి వచ్చిందల్లా ప్లాన్ల మీద వేసే ఇంగ్లీషు పెద్దక్షరాలే. తెలుగు రాస్తే అవీ డబ్బాల్లాగే వస్తాయి.

రాత తీసేస్తే బొమ్మలో బాపు ఉండడు. ఉంచితే అవ్వ ఉండదు. ఎవరైనా ఇట్లాంటి పని చేసి ఉంటే దారి చెప్పండి.

రంగులపెట్టె (ఆదివారం రాత్రి)

బొమ్మలో దమ్ముంటే రాత ఎందుకండీ? రాయాలని ఉంటే పుస్తకం రాయండి. ఈ మధ్య ప్రతివాళ్లూ కాన్వాస్ మీద నాలుగు లైన్లు గిలికి "జ్ఞాపకం" అని పేరు పెడుతున్నారు.

ముషీరాబాద్ బోర్డు ఆర్టిస్టు (సోమవారం పొద్దున)

పై తమ్ముడు గట్టిగానే అన్నాడు గానీ, ముప్పై ఏళ్లు అక్షరాలే రాసి బతికినవాణ్ణి నేను. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి ముషీరాబాద్ దాకా ఎన్ని షాపు బోర్డులు రాశానో లెక్క లేదు. ఫ్లెక్స్ వచ్చి నా బ్రష్ అటకెక్కింది. అది వేరే కథ.

నీకు మూడు మాటలు చెప్తా, ఏమీ అనుకోకు.

నువ్వు ఉత్తరం రాతను బోర్డు రాతలా రాశావు. అదే తప్పు. బోర్డు అంటే బస్సులో పోయేవాడు కూడా చదవాలి, అందుకే రాస్తాం. చుట్టూ చోటు వదులుతాం, ముదురు రంగు మీద లేత రంగు పెడతాం, అంచు దిద్దుతాం. నువ్వు అదంతా చేసి, ఇప్పుడు అందరూ చదువుతున్నారని ఏడిస్తే ఎట్లా? చదివించడానికే కదా అట్లా రాసేది. చదువు వచ్చినవాడి కన్ను అక్షరం కనబడితే ఆగదు. దాన్ని ఆపాలంటే గోడ రంగూ అక్షరం రంగూ దగ్గరదగ్గరగా ఉండాలి. సున్నం మీద సున్నం వేసినట్టు. పక్కనుంచి వెలుతురు పడితే తప్ప తెలియకూడదు.

రెండోది. తెలుగు అక్షరానికి మూడు అంతస్తులు. పైన గుడి, తలకట్టు. నడుమ అక్షరం. కింద వత్తు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఈ బాధ లేదు, అన్నీ ఒకే ఎత్తు. నీ చేతికి అలవాటైంది అదే గనక వరసలు దగ్గరగా వేసి ఉంటావు. పై వరస వత్తు వచ్చి కింది వరస గుడిని గుద్దుకుంటుంది. అప్పుడు గోడంతా బిగుసుకుపోతుంది, మనిషికి గాలి ఆడదు. మా గురువు ఆరు నెలలు నాతో సున్నాలే చుట్టించాడు. మన లిపిలో సగం సున్నాయే, అది వస్తే అన్నీ వస్తాయి అనేవాడు.

మూడోది అసలు మాట. నువ్వు ఉత్తరం చదువుతుంటే అవ్వ ఎక్కడ కూర్చునేది? పక్కనా, ఎదురుగానా? అది చెప్పు ముందు.

కళాచరిత్ర పాఠాలు (సోమవారం మధ్యాహ్నం)

రంగులపెట్టె గారూ, రాత ఉన్నందుకే నిలబడిన బొమ్మలు చాలా ఉన్నాయి. నేను మాసాబ్‌ట్యాంక్ వైపు పిల్లలకు కళాచరిత్ర చెబుతుంటాను. ఈ ప్రశ్న వాళ్లూ ప్రతి ఏడాదీ అడుగుతారు. అడిగినాయన పనికి దగ్గరగా ఉన్న ముగ్గురి గురించి చెబుతాను.

జేకబ్ లారెన్స్ అనే నల్లజాతి అమెరికన్ చిత్రకారుడు 1941లో అరవై చిన్న పలకల మీద ఒక వలస కథ వేశాడు. మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి దక్షిణాది పొలాలు వదిలి ఉత్తరాది ఫ్యాక్టరీలకు పోయిన తన జనం కథ అది. అప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. ఒక్కో పలక పన్నెండు అంగుళాలు, పద్దెనిమిది అంగుళాలు. ప్రతి బొమ్మకూ ఒక వాక్యం. ఆ వాక్యాలు బొమ్మల కంటే ముందే రాసుకున్నాడు. గమనించాల్సింది ఏమిటంటే, ఆ వాక్యం బొమ్మలోకి రాదు, కింద ఉంటుంది. బొమ్మ ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పదు. ఒక పలక వాక్యం, వెళ్లిన చుట్టాలు రాసిన ఉత్తరాల గురించే. (ఉత్తరం నుంచి ఉత్తరం! ఈ చమత్కారం తెలుగులోనే కుదురుతుంది.) ఇంకో సంగతి. అరవై పలకలూ ఒకేసారి పరిచి ఒక రంగు అన్నిటి మీదా వేసి, తర్వాత ఇంకో రంగు అందుకునేవాడట. అందుకే అరవై ముక్కలైనా ఒకే ఊపిరిలా ఉంటాయి. ఇప్పుడు బేసి సంఖ్యల పలకలు వాషింగ్టన్‌లో ఒక మ్యూజియంలో, సరి సంఖ్యలవి న్యూయార్క్‌లో ఇంకో మ్యూజియంలో ఉన్నాయి. వలస కథ తానే రెండు ఊళ్ల పాలైంది.

రెండో ఆమె షార్లెట్ సాలమన్. బెర్లిన్ యూదు అమ్మాయి. నాజీల నుంచి తప్పించుకుని దక్షిణ ఫ్రాన్స్ చేరింది. 1940 తర్వాత రెండేళ్లలో తన బతుకంతా వందల బొమ్మలుగా వేసింది. ఏరి అంకెలు వేసి పెట్టినవే 769. మొదట్లో మాటలను బొమ్మ మీద రాయలేదు. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద రాసి దాన్ని బొమ్మ మీద పరిచింది. కాగితం ఎత్తితే మనిషి, దించితే మాట. పోనుపోను ఆ కాగితం మానేసి మాటలు నేరుగా బొమ్మల మీదికే వచ్చేశాయి, మనుషుల చుట్టూ తిరిగాయి. 1943లో ఆమెను ఆష్విట్జ్‌లో చంపేశారు. ఇరవై ఆరేళ్లు. డ్రాఫ్ట్స్‌మన్ గారూ, ట్రేసింగ్ పేపరు మీ చేతిలో పెరిగిన వస్తువు కదా. దాన్ని వదిలేసి కాన్వాస్ మీద ఎందుకు కష్టపడుతున్నారు?

మూడో ఆమె జరీనా. 1937లో అలీగఢ్‌లో పుట్టి, దేశాలు తిరిగి 2020లో లండన్‌లో పోయింది. ఆమె అక్క పాకిస్తాన్‌లో ఉండేది. ఆ అక్క ఉర్దూలో రాసి పోస్టు చేయకుండా ఉంచుకున్న ఉత్తరాలు చాలా ఏళ్లకు చెల్లెలి చేతికి వచ్చాయి. వాటిని అచ్చువేసి, వాటి మీద ఇళ్ల ప్లాన్లు, ఊళ్ల పటాలు చెక్కింది. 2004 నాటి పని. అందులో మనుషుల బొమ్మ ఒక్కటీ లేదు. ఉర్దూ రానివాళ్లు కూడా దాని ముందు నిలబడిపోతారు. నాకూ ఉర్దూ రాదు. ఇంటి ప్లాను గోడల వెనక ఆ రాత కనబడుతుంటే, తలుపు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మాట తెలియదు, గొంతు తెలుస్తుంది.

మీ అవ్వకు కూడా ఉత్తరం అట్లాగే కనబడి ఉంటుందేమో ఆలోచించండి.

చేర్యాల పటం (సోమవారం రాత్రి)

అమెరికా దాకా ఎందుకండీ, సిద్దిపేట జిల్లా చేర్యాల ఉంది కదా. మా అత్తగారి ఊరు అటే. నకాషీవాళ్ల ఇళ్లలో పటాలు వేస్తుంటే గంటలు గంటలు కూర్చుని చూసేదాన్ని. ఖద్దరు గుడ్డకు గంజి, చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూసి ఆరబెడతారు. దాని మీద ఎర్రటి నేల, ఆ నేల మీద బొమ్మలు. నిలువుగా చుట్ట చుట్టిన పటం విప్పుకుంటూ పోతే కథ నడుస్తుంది.

ఆ పటం మీద చదవడానికి రాత ఉండదు. అవసరం లేదు. పక్కన కథ చెప్పేవాళ్లు ఉంటారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. పటం పట్టుకుని ఊరూరూ తిరిగి, ఆ కులం ఎక్కడ పుట్టిందో, ఎట్లా వచ్చిందో వాళ్లకే చెబుతారు. కర్రతో బొమ్మను చూపిస్తారు, గొంతెత్తుతారు. రాత అంతా నోట్లో ఉంటుంది.

అదే శ్రీకాళహస్తి కలంకారీ చూడండి. రామాయణం వేసిన పెద్ద గుడ్డల మీద వరసవరసకూ పైన తెలుగులో కథ రాసి ఉంటుంది. అక్కడ చెప్పే మనిషి లేకపోయినా గుడ్డ తానే చెప్పుకుంటుంది.

మీ ఇంట్లో రెండూ ఉన్నాయి. ఉత్తరం కలంకారీ, మీరు కూనపులి. మీరు చేసిన బొమ్మలో మాత్రం ఆ చదివే పిల్లవాడు లేడు. గోడ మీద రాసేశారు, గొంతు తీసేశారు.

ఒకటి అడగాలని ఉంది, తప్పయితే క్షమించండి. పటం చెప్పేవాళ్లు ఎప్పుడూ కథ మొత్తం చెప్పరు. ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖం చూసి కొంత మింగేస్తారు. చిన్న పిల్లాడిగా మీరు అవ్వకు ఉత్తరం మొత్తం చదివేవారా?

మూసాపేట డ్రాఫ్ట్స్‌మన్ (మంగళవారం)

చేర్యాల అక్కా, రాత్రంతా ఆ ప్రశ్నే బుర్రలో తిరిగింది. మొత్తం చదివేవాణ్ణి కాదు.

రెండో ఉత్తరమో, మూడోదో. "మూడు నెలలాయె జీతం ఇస్తలేరు" అని ఉంటే చదివాను. మా నానమ్మ శోకం పెట్టింది. వాడకట్టంతా వచ్చి మా ఇంటి ముందు నిలబడ్డారు. ఎవరో చచ్చిపోయారనుకున్నారు. అప్పటి నుంచి అట్లాంటి లైను వస్తే కన్నుతో దాటేసి కింది లైనుకు పోయేవాణ్ణి. తడబడకుండా దాటడం కూడా నేర్చుకున్నాను. పరంజా మీంచి జారి చెయ్యి విరిగిందని ఒక ఉత్తరంలో ఉంది. అదీ చదవలేదు. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు ఇది.

ముషీరాబాద్ అన్నా, అవ్వ ఎదురుగా కూర్చునేది. నేను గడప మీద, వీధి వెలుతురు నా వీపు వెనక. ఆమె లోపల చాట ముందు. ఆ కాగితం ఎంత పల్చగా ఉండేదంటే అవతలి వైపు రాత ఇవతలికి కనబడేది.

ఇది రాస్తుంటే ఇప్పుడు తట్టింది. ఆమెకు కనబడింది ఎప్పుడూ తిరగేసిన రాతే.

ముషీరాబాద్ బోర్డు ఆర్టిస్టు (మంగళవారం)

అందుకే అడిగిన. షాపు అద్దం మీద లోపలినుంచి రాసేవాళ్లం, రోడ్డు మీదివాడికి సూటిగా కనబడాలని. తిప్పి రాస్తే చదివేవాడి కన్ను కాసేపు తికమకపడి బొమ్మ దగ్గరికి పోతుంది. చెయ్యి చూడు.

షార్జా శుక్రవారం (బుధవారం రాత్రి)

నమస్కారం. నేను బొమ్మల గురించి మాట్లాడేవాణ్ణి కాదు. మా అమ్మాయి ఈ చర్చ చూపించి "నాన్నా, నువ్వు రాయాలి" అంది. మాది నిజామాబాద్ జిల్లా. ఇప్పుడు బోయిన్‌పల్లిలో ఉంటున్నాం. 1982 నుంచి పదేళ్లు షార్జాలో ఉన్నాను. ఇంటర్ చదివాను కాబట్టి మా గదిలో ఉత్తరాలు రాసేది నేనే. మీ నాన్నగారికి రాసింది నేను కాదు, దేశమే వేరు. కానీ ఆ పని ఎట్లా ఉండేదో చెప్పగలను.

గదికి ఎనిమిది మందిమి. ఒకరి మీద ఒకరు పడుకునే ఇనప మంచాలు. శుక్రవారం సెలవు. పొద్దున బట్టలు ఉతుక్కుని, మధ్యాహ్నం తిన్నాక ఒక్కొక్కరు నా మంచం దగ్గరికి వచ్చేవారు. పక్క గదుల వాళ్లు కూడా. రద్దీ తట్టుకోలేక నేను ఒక ఉపాయం చేశాను. గురువారం రాత్రే పది కాగితాల మీద "నేను ఇచ్చట క్షేమం, మీరు అచ్చట క్షేమమని తలుస్తాను" అని రాసి పెట్టుకునేవాణ్ణి. మనిషి వచ్చి కూర్చోకముందే అతను క్షేమం అన్నమాట. జ్వరంతో వణుకుతూ వచ్చినవాడికీ అదే కాగితం.

చెప్పేవాళ్లు మొదట అన్నీ చెప్పేవారు. కఫీల్ (వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని) పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నాడని, ఎండకు ముక్కులోంచి రక్తం వచ్చిందని, తిట్లు తిన్నామని. నేను రాస్తూ ఉంటే మధ్యలో ఆగి "వద్దన్నా, అది కొట్టెయ్" అనేవారు. కొట్టేస్తే ఇంటి దగ్గర అనుమానం వస్తుందని కాగితం మార్చి మళ్లీ రాసేవాణ్ణి. కాగితం వాళ్ల పైసలతో కొన్నదే. కొన్నాళ్లకు వాళ్లు చెప్పినా నేనే రాసేవాణ్ణి కాదు, "రాసిన" అని చెప్పి తర్వాత లైనుకు పోయేవాణ్ణి. చదవడం రానివాడు కాగితం చూసి తల ఊపేవాడు. అది నా తప్పా, ఒప్పా ఈనాటికీ తేల్చుకోలేదు.

మీరు చిన్నప్పుడు దాటేసినవి మీ బాపు, రాసినాయన ఇద్దరూ దాటెయ్యలేకపోయినవి. అంత జల్లెడ పట్టినా మిగిలి వచ్చిన మాటలవి. మీ బొమ్మలో ఏవైనా రాయాలంటే అవి రాయండి అని నా మనవి. క్షేమం అన్న లైను నాబోటివాడు గురువారం రాత్రే రాసి పెట్టినదేమో.

ఇంకో మాట. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. టేప్‌రికార్డరు ముందు మాట్లాడి, ఊరికి పోయేవాడి చేత క్యాసెట్ పంపేవాళ్లం. నా పని తగ్గింది. కానీ క్యాసెట్‌లో అందరూ గట్టిగా నవ్వుతూనే మాట్లాడేవారు. ఉత్తరమే కొంచెం నిజం చెప్పేది.

రంగులపెట్టె (గురువారం)

సరే, నా మొదటి మాట కొంచెం తొందరపాటే. బొమ్మ ఎట్లా వచ్చిందో పెట్టండి.

మూసాపేట డ్రాఫ్ట్స్‌మన్ (పది రోజుల తర్వాత)

షార్జా సార్, మీకు ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు రాయలేదు. డబ్బా తెరిచి మళ్లీ చూశాను. నలభై ఒకటిలో ముప్పై దాకా మొదటి లైను ఒకటే, ఇంకు కూడా కింది లైన్ల కంటే వేరుగా ఉంది. మీ మాట చదవకపోతే నా జన్మలో గమనించేవాణ్ణి కాదు.

పాత కాన్వాస్ గోడకు ఆనించి పెట్టేసి కొత్తది మొదలుపెట్టాను. ఈసారి చిన్నది, రెండడుగులే. అవ్వ, చాట, గడప, గడప మీద వీపు కనబడేట్టు పిల్లాడు. వాడి చేతిలో కాగితం. గోడ మీద రాత లేదు. దాని మీద ట్రేసింగ్ పేపరు ఒకటి పై అంచున మాత్రం బిగించాను, ఎత్తడానికి వీలుగా. మేం పాతరోజుల్లో షీటు వెనక్కి తిప్పి వెనక వైపు నుంచి పెన్సిల్‌తో మసకగా నింపేవాళ్లం, ముందు గీసిన గీత చెదరకుండా. అదే పని చేశాను. నేను పైకి చదివిన వాక్యాలన్నీ వెనక వైపు రాశాను. ఇటు నుంచి చూస్తే తిరగేసి, మసకగా కనబడతాయి. దాటేసినవి ఆరు వాక్యాలు దొరికాయి. అవి మాత్రం ముందు వైపు, సూటిగా, ఇంకు పెన్నుతో, చిన్నగా. చేతిరాత సంగతి తేలలేదు. నా డబ్బా అక్షరాల్లోనే రాశాను. ముషీరాబాద్ అన్న చెప్పినట్టు వరసల మధ్య చోటు మాత్రం వదిలాను.

నిన్న అవ్వకు చూపించాను. చాలాసేపు చూసింది. అద్దాలు తెచ్చుకుని మళ్లీ చూసింది. సూటిగా ఉన్న లైను మీద వేలు పెట్టి "ఇది ఏమున్నది?" అంది. చదివాను. జీతం రెండోసారి ఆగినప్పటిది. నలభై ఏళ్లు ఆలస్యంగా.

"ఆ నెల డ్రాఫ్టు రాలే. బర్రెను అమ్మినం" అంది. అంతే. ఉత్తరంలో ఉందో లేదో ఆమెకు అక్కరలేదు, డ్రాఫ్టు రాకపోవడమే ఆమె చదివిన ఉత్తరం. చెయ్యి విరిగిన లైను కూడా చదవబోయాను. దాని మీద నుంచి వేలు తీసేసింది. నేనూ ఆగిపోయాను.

తర్వాత బొమ్మలో తన చేతుల దగ్గరికి వచ్చింది. నేను ఆ చేతులు ఆగినట్టు వేశాను. ఆకు సగం చుట్టి, ఉత్తరం వింటూ తల ఎత్తినట్టు. నాకు బాగా నచ్చిన భాగం అదే, నిజం చెప్పాలంటే.

"ఇదేందిరా, చేతులు ఆపిన్నా నేను? నువ్వు సదువుతుంటె చేతులు ఆపితే వెయ్యి బీడీలు ఎట్లయితయ్? దారం కూడ తెల్లగ ఏసినవ్."

ఈ ఆదివారం చేతులు మళ్లీ వేస్తున్నాను. ఒక సాయం కావాలి. ట్రేసింగ్ పేపరు మన వర్షాకాలం తేమకు అప్పుడే అలలు అలలుగా లేస్తోంది. అంచులకు సన్నటి చెక్కపట్టీ వేయమంటారా, లేక వేరే ప్లాస్టిక్ షీటుకు మారాలా? ఎత్తడానికి వీలు మాత్రం పోకూడదు. అవ్వ రోజూ ఒకసారి ఎత్తి చూస్తోంది.